జెరికో బురుజు చుట్టూ మిగిలిన దిబ్బను తవ్వాలా, వద్దా?

శ్రీనివాస్_గుంటూరు: పాలస్తీనాలోని జెరికోలో క్రీ.పూ. 8000 నాటి రాతి బురుజు ఉంది. ఎత్తు 8.5 మీటర్లు, లోపల 22 మెట్లు. 1952–58 తవ్వకాల్లో పురావస్తు శాస్త్రవేత్త కాథ్లీన్ కెన్యన్ దాన్ని బయటపెట్టారు. పాత ఊరు పూడిపోయిన ఆ దిబ్బలో చాలా భాగం ఇంకా ముట్టుకోలేదు. అది తవ్వనిదే బురుజు ఎందుకు కట్టారో తేలదు.

పద్మజ: వద్దు. తవ్విన మట్టి పొరను తిరిగి పేర్చలేం. 1930ల్లో అక్కడ తవ్విన గార్‌స్టాంగ్, బయటపడిన గోడలు బైబిల్లోని యెహోషువ కాలానివన్నారు. అవి అంతకు సుమారు వెయ్యేళ్ల ముందువని కెన్యన్ తేల్చారు. గార్‌స్టాంగ్ తవ్వకుండా వదిలిన మట్టి ఉండబట్టే అది సాధ్యమైంది.

రఘు: శత్రువుల భయంతో కట్టారు. ఇందులో తేలాల్సింది ఏముంది?

శ్రీనివాస్_గుంటూరు: బురుజు ఉన్నది ఊరి గోడకు లోపలివైపు రఘు గారూ. బయటికి పొడుచుకొచ్చి ఉంటేనే కదా గోడ ఎక్కేవాణ్ని పక్కనుంచి కొట్టగలిగేది! ఆ గోడ వరదనూ బురదనూ ఆపడానికేనని పురావస్తు శాస్త్రవేత్త బార్-యోసెఫ్ 1986లోనే వాదించారు.

రఘు: మెట్లదారిలో 12 అస్థిపంజరాలు దొరికాయి. యుద్ధం కాకపోతే మరేమిటి?

పద్మజ: దారి వాడకం మానేశాక అక్కడ పెట్టిన శవాలవి.

రఘు: పన్నెండు మంది ఊరికే చావరు.

శ్రీనివాస్_గుంటూరు: పద్మజ గారూ, ‘వదిలేయండి’ అనడం తేలిక. మా ఇల్లు రక్షిత కోట గోడ పక్కనే. 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం. మేడ మెట్లు ఎక్కలేని అమ్మకు కింద ఒక గది వేయలేకపోయాం. ఆ కోటలో ఒక్క గుంట తవ్వలేదు, ముళ్లకంప కొట్టలేదు.

పద్మజ: మీ గదికీ జెరికోకూ ఏమిటి సంబంధం?

శ్రీనివాస్_గుంటూరు: తాళం వేసి కాపాడామంటారు. నష్టపోయేది పక్కన బతికేవాళ్లు. ఆ మనుషుల మాట మీరు ఒక్కసారైనా ఎత్తారా?

పద్మజ: నేను చదువుకునే రోజుల్లో ఒక తవ్వకంలో పనిచేశాను. దొరికిన కుండ పెంకుల మీద పొర నంబరు సిరాతో రాసి గోనెసంచుల్లో కట్టాం. తర్వాత చూస్తే చెమ్మకు అంకెలు చెరిగిపోయాయి, నివేదిక ఇప్పటికీ రాలేదు. ఏ పొరదో తెలియని పెంకు దేనికి పనికొస్తుంది? అంత శ్రద్ధగల కెన్యన్ కూడా 1978లో కన్నుమూశారు, బురుజు వివరాల సంపుటి 1981లో గానీ అచ్చవలేదు. తవ్వేవాళ్ల మీద నాకు నమ్మకం లేదు, అసలు సంగతి అది.

శ్రీనివాస్_గుంటూరు: అయితే నివేదికకు గడువు పెట్టమనండి, దాటితే తవ్వకం ఆపమనండి. తవ్వడమే వద్దంటే మాత్రం ఒప్పుకోను.

పద్మజ: ముందు పాత సంచుల లెక్క తేల్చమనండి.