"మా ఆడమనిషి ఇప్పుడు యాడుంది?" అని అడిగిన పెద్దాయనకు ఏం చెప్పాలి?

చీమకుర్తి తమ్ముడు:

అందరికీ వందనాలు. నేను చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ మెషీన్ మీద పనిచేస్తాను. ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘం నుంచి నలుగురం ఒంగోలు పోయి బస్టాండ్ బయట కరపత్రాలు పంచుతాం. మూడేళ్ల నుంచి పోతున్నా. మైకు పెట్టం, ఎవరినీ అడ్డం నిలబడి ఆపం. తిట్టినవాళ్లున్నారు, చించి నా కాళ్ల దగ్గరే పడేసినవాళ్లున్నారు. అవేవీ నన్ను ఇంతగా బాధపెట్టలేదు.

పోయిన ఆదివారం సాయంత్రం ఒక పెద్దాయన దర్శి బస్సు కోసం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. భుజాన తువ్వాలు, చేతిలో మందుల కవరు. కరపత్రం ఇస్తే తీసుకుని, "కళ్లజోడు తేలేదు, నువ్వే చదువు" అన్నాడు. పక్కన నిలబడి చదివాను. అందరూ పాపులే, యేసుప్రభువును నమ్మితే రక్షణ అన్న చోట చెయ్యెత్తి ఆపాడు.

"సరే అబ్బాయ్. మా ఆడమనిషి పోయి పది నెలలైంది. మీ యేసుప్రభువు సంగతి ఆమెకు ఎవరూ చెప్పలా. పొద్దున్నే లేచి రామాలయం ముందర ముగ్గేసి, దీపం పెట్టి వచ్చేది. ఇంటికొచ్చిన మనిషిని అన్నం పెట్టకుండా పంపింది లేదు. మరి ఇప్పుడామె యాడుంది?"

"నమ్మకుండా చనిపోతే రక్షణ లేదు తాతా" అనేశాను. బళ్లో పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. ఆయన కోపపడలేదు. కరపత్రం నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టాడు. "ఆమె పోయేటప్పుడు నేను ఇంట్లో లేను నాయనా. అందుకని అడిగా" అన్నాడు. బస్సొచ్చింది, ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నుంచి సరిగ్గా నిద్ర లేదు. మెషీన్ దగ్గర కూడా ఆ మాటే చెవుల్లో తిరుగుతోంది. నేను చెప్పింది తప్పా? తప్పు కాకపోతే ఈ భారం ఎందుకు? వాక్యం తెలిసినవాళ్లు, వీధి సువార్తలో తిరిగినవాళ్లు దయచేసి చెప్పండి.

కావలి యూత్ బ్రదర్:

బ్రదర్, ధైర్యం తెచ్చుకోండి. మీరు చెప్పింది వాక్యమే. మరి ఎవనివలనా రక్షణ కలుగదని అపొస్తలుల కార్యములు 4:12లో స్పష్టంగా ఉంది. మనుషులు బాధపడతారని సువార్తను తగ్గించుకుంటూ పోతే చివరికి మన చేతిలో ఏం మిగులుతుంది? పెద్దాయన కోసం ప్రార్థన చేస్తాను. మీరు మాత్రం బయటికి వెళ్లడం ఆపొద్దు.

నెల్లూరు రిటైర్డ్ టీచర్:

నాయనా, నీ పోస్టు రెండుసార్లు చదివాను. ఆ భారం ఎందుకని అడిగావు. అది దేవుడే పెట్టి ఉంటాడని నా నమ్మకం, కాబట్టి త్వరగా దించుకోవాలని చూడకు.

మా ముత్తవ్వ వాళ్లమ్మ వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నదని మా ఇంట్లో చెప్పుకుంటారు. 1878 జులై 3న అక్కడ ఒక్కరోజే 2,222 మంది నీళ్లలో దిగారు. ఈ అంకె మన సంఘాల్లో అందరూ చెబుతారు గానీ దాని ముందు జరిగింది చెప్పరు. 1876లో కరువు మొదలైంది. ఒంగోలు మిషన్ నడిపిన అమెరికా మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం వచ్చి అడిగితే ఇవ్వలేదు. పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట వాళ్ల మీద గానీ సువార్త మీద గానీ పడకూడదని. కరువు తగ్గాకే ఇచ్చారు.

ఆ పదిహేను నెలలు సువార్త ఆగిందా అంటే ఆగలేదు. బోధకులు ఆ కాలువ గట్ల మీదే ఉన్నారు. మట్టి మోసేవాళ్లు అలిసి కూర్చున్నప్పుడు పక్కన కూర్చున్నారు. ప్రయాసపడి భారం మోసేవాళ్లారా నా దగ్గరకు రండి అన్న వాక్యం చెప్పారు. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులుంటారు గదా ఆ గట్ల మీద. నువ్వు చెప్పిన జవాబు వాళ్లకు చెప్పి ఉంటే మా ముత్తవ్వ వాళ్లమ్మ ఏటి దాకా వచ్చేదా? నాకు నమ్మకం లేదు.

కావలి అబ్బాయి చెప్పిన వచనం నిజమే, నేనూ అదే నమ్ముతాను. కానీ అది ఎదుట బతికున్న మనిషికి చెప్పమని ఇచ్చిన మాట. చనిపోయిన ఫలానా మనిషి మీద తీర్పు చదవమని ఎక్కడా ఇవ్వలేదు. యేసు పక్కన సిలువ వేసిన దొంగ ఆఖరి గడియలో నమ్మి రక్షణ పొందాడని, పక్కనున్నవాళ్లు విన్నారు కాబట్టి మనకు తెలిసింది. ఆ తల్లి ఆఖరి గడియలో ఏం జరిగిందో నీకు తెలుసా? ఆదికాండం 18 తీసి చదువు. లోకమంతటికీ తీర్పు తీర్చేవాడు న్యాయం చేయడా అని అబ్రాహాము అడుగుతాడు. తాతకు నువ్వు చెప్పగలిగింది అంతే: "ఆమె సంగతి నాకు తెలియదు తాతా. న్యాయం తప్పని దేవుడి చేతిలో ఉంది. ఆమె గురించి చెప్పు, వింటాను."

పొదిలి నుంచి ఒకరు:

నేను క్రిస్టియన్ కాదు, రోజూ ఆంజనేయస్వామికి దండం పెట్టుకునేవాణ్ణి. రాయొచ్చో లేదో అనుకుంటూనే రాస్తున్నాను.

తమ్ముడూ, ఆ పెద్దాయన నిన్ను మతం గురించి అడగలేదు. "నేను ఇంట్లో లేను" అన్నాడు చూశావా, అదీ ఆయన ప్రశ్న. పది నెలలుగా అదే మోస్తున్నాడు. ఇంట్లో కొడుకుని అడగలేడు, కోడలిని అడగలేడు. తెలియని కుర్రాడివి కాబట్టి నిన్ను అడిగాడు.

మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఎవరో ఇద్దరు వచ్చి, నమ్మితే లేచి కూర్చుంటుంది అన్నారు. అమ్మ లేవలేదు. నమ్మకం చాలక పోయిందేమో అన్నట్టు చూసి వెళ్లారు. అది ఇప్పటికీ మర్చిపోలేను. అదే వార్డులో ఇంకో ముసలామె, ఆమె కూడా బైబిల్ చేత పట్టుకునే తిరిగేది, రాత్రి నాకు కునుకు పడితే లేపకుండా అమ్మ నోరు తడిగుడ్డతో తుడిచేది. ఆమె ఏ దేవుణ్ణి చెప్పినా నేను వినేవాణ్ణి.

కనిగిరి పాస్టర్:

టీచరమ్మగారు చెప్పాక నేను కలపాల్సింది కొద్దిగానే ఉంది. బయట తిరిగే తమ్ముళ్లకు తెలిసి ఉండాలి కాబట్టి చెబుతున్నాను. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇస్తుంది. అయితే ఎదుటివాణ్ణి మార్చే హక్కు అందులో లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. గుళ్ల దగ్గర వద్దు. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రార్థనాస్థలాల్లో వేరే మతం ప్రచారం చేయకూడదని మన రాష్ట్రంలో 2007 చట్టం ఉంది. చట్టం లేకపోయినా మొక్కుకోవడానికి వచ్చినవాళ్ల చేతిలో కరపత్రం పెట్టడం మర్యాద కాదు.

ఇంకోటి. ఎస్సీ పిల్లలు చాలామంది మన దగ్గర ఆగి కుల సర్టిఫికెట్ సంగతి అడుగుతారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో బీసీ-సీ (వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపు) కిందికి వస్తారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. "అవన్నీ తర్వాత చూసుకోవచ్చులే" అని దాటేసే సేవకుల్ని చూశాను, నాకు చాలా బాధ వేసింది. రక్షణ గురించి మాట్లాడేవాడు ఎదుటివాడికి అయ్యే ఖర్చు దాచకూడదు.

చీమకుర్తి తమ్ముడు:

అందరికీ వందనాలు. పొదిలి అన్నా, మీరు రాసింది చదివి ఫ్యాక్టరీ వెనక్కి పోయి ఏడ్చాను. ఆ మాట నా చెవిన పడింది, నాకు అర్థం కాలేదు. మీ అమ్మగారి విషయంలో అలా మాట్లాడినవాళ్లు ఎవరో నాకు తెలియదు, మా వాళ్ల తరఫున క్షమించమని అడుగుతున్నాను.

నిన్న ఆదివారం మళ్లీ వెళ్లాను. తాత కనిపించలేదు. అరుగు ఎదురుగా నిమ్మసోడా బండి ఆమెను అడిగితే గుర్తుపట్టింది. నెలకోసారి మందులకు వస్తాడట, వచ్చినప్పుడల్లా అక్కడే కూర్చుంటాడట. అంటే ఇంకో మూడు వారాలు.

టీచరమ్మా, ఆదికాండం 18 రాత్రి చదివాను. అబ్రాహాము సొదొమ ఊరివాళ్ల కోసం యాభై మంది దగ్గర మొదలుపెట్టి పది మంది దాకా దేవుణ్ణి బతిమాలుకుంటూ వచ్చాడు. నేను ఆ తల్లి కోసం ఒక్కసారి కూడా అడగలేదు. కనీసం ఆమె పేరేంటో కూడా అడగలేదు. ఆ ఆదివారం కరపత్రాల సంచి మా వాళ్లకు ఇచ్చేసి ముందుగానే పోయి అరుగు మీద కూర్చుంటాను.