“రక్తపిశాచి సమాధి” అనొచ్చా?

పిల్లల పత్రిక ఒకదానికి పోలండ్ తవ్వకాల మీద వ్యాసం రాస్తున్నాను. రెండు రోజులుగా ఒక్క మాట దగ్గర కలం ఆగిపోయింది. గుంపులో పెద్దలు సాయం చెయ్యాలి.

సంగతి ఇది. పోలండ్‌లో బిద్గోష్చ్ నగరానికి దగ్గర్లో ప్యెన్ అని ఒక ఊరు ఉంది. అక్కడి పాత శ్మశానంలో 2022లో తొరున్ విశ్వవిద్యాలయం వాళ్లు తవ్వుతుంటే ఒక యువతి అస్థిపంజరం బయటపడింది. 17వ శతాబ్దం నాటిది. మెడకు అడ్డంగా కొడవలి పెట్టారు, లేవబోతే గొంతు తెగేట్టు. ఎడమ కాలి బొటనవేలికి తాళంకప్ప. తల మీద పట్టుబట్ట ఆనవాళ్లు ఉన్నాయి, అంటే దిక్కూమొక్కూ లేని మనిషి కాదు. మరుసటి ఏడు అదే చోట ఒక బిడ్డ దొరికింది. వయసు ఐదు నుంచి ఏడేళ్లు. బోర్లా పడుకోబెట్టి పూడ్చారు. ఆ పాదం దగ్గరా తాళంకప్పే.

వీటిని ప్రపంచమంతా ‘వాంపైర్ సమాధులు’ అంటోంది. నేనూ ముందు ‘రక్తపిశాచి సమాధి’ అనే రాసి, కొట్టేశాను. ఆ పసిబిడ్డను రక్తపిశాచి అనడానికి నాకు చెయ్యి రాలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన పిశాచం వేరే జాతి. ‘పిశాచో గుహ్యకస్సిద్ధో భూతోఽమీ దేవయోనయః’ అని అమరకోశ నిఘంటువు. యక్షులు, కిన్నరుల వరసలో చెప్పిన ప్రాణి అది. ‘పిశితం’ అంటే మాంసం, దాన్ని తినేది పిశాచం అని వ్యుత్పత్తి చెబుతారు. పోలండ్ పల్లెవాళ్లు భయపడింది అలాంటి ప్రాణికి కాదు. నిన్నటిదాకా పక్కింట్లో ఉన్న మనిషి ఒళ్లే మట్టి తోసుకుని లేచి వస్తుందని భయపడ్డారు. సమాధిలోంచి లేచిరాని పిశాచికి కొడవలి ఎందుకు, తాళంకప్ప ఎందుకు?

మాస్టారు గారి వ్యాఖ్య:
అమ్మా, శవంలో దూరేది కావాలంటే బేతాళుడు ఉన్నాడు కదా. లేదా ‘ప్రేతం’ చూడు. తెలుగులో ప్రేతమంటే శవమూ అవుతుంది, దయ్యమూ అవుతుంది. నీకు కావలసిన రెండర్థాలూ ఒక్క మాటలోనే దొరుకుతాయి.

నా జవాబు:
నమస్కారం మాస్టారూ. ప్రేతం నాకు తట్టలేదు, చాలా దగ్గరగా ఉంది. కానీ ప్ర + ఇత, వెళ్లిపోయినది అనే కదా దాని అర్థం. మన కర్మకాండలో పోయిన ప్రతి మనిషీ కొన్నాళ్లు ప్రేతమే, సపిండీకరణం అయ్యాక పితృదేవతల్లో కలుస్తాడు. అది అందరూ దాటే మెట్టు. వీళ్లది వెళ్లిపోకుండా తిరిగి వచ్చే మనిషి గొడవ. ఇక బేతాళుడు పరాయి శవంలో దూరేవాడు. ఆ శవం ఎవరిదో బేతాళుడికి పట్టదు. ఇక్కడ ఆ మనిషి ఎవరన్నదే అసలు భయం.

ఒక తమ్ముడి వ్యాఖ్య:
అక్కా, మన ఇళ్లలో కూడా పోయినవాళ్ల రెండు కాళ్ల బొటనవేళ్లు కలిపి కడతారు కదా. రెండూ ఒకటేనా?

నా జవాబు:
తమ్ముడూ, రాసేటప్పుడు నాకూ అదే కళ్ల ముందు మెదిలింది. మా తాతయ్యకు తెల్లటి గుడ్డపీలికతో కట్టారు, ముడి మా పెద్దమ్మ వేసింది. ఎందుకని అడిగితే, కాళ్లు విడిపోయి బిగుసుకుపోకుండా అంది. అది సాగనంపేటప్పుడు చేసే సేవ. అక్కడిది పోయిన మనిషి మీద భయంతో వేసిన తాళం. వేలు ఒకటే అయినంత మాత్రాన ఆచారం ఒకటి కాదు. వ్యాసంలో ఈ పోలిక తేను.

మరొకరి వ్యాఖ్య:
వాళ్లు నమ్మిందే రక్తం తాగుతారని కదండీ. మరి ఆ మాటకు అభ్యంతరమేంటి?

నా జవాబు:
నమ్మినచోట ఆ మాట వాడతానండీ. 1725లో సెర్బియాలోని కిసిల్యెవో ఊళ్లో పేతర్ బ్లగోయెవిచ్ అనే రైతు చనిపోయాక, ఎనిమిది రోజుల్లో తొమ్మిదిమంది పోయారు. ఊరివాళ్లు గొయ్యి తవ్వించారు. ఆస్ట్రియా అధికారి దగ్గరుండి చూసి నివేదిక పంపాడు. గడ్డం, గోళ్లు పెరిగాయి, పాత చర్మం ఊడి కొత్తది కనిపిస్తోంది, నోట్లో తాజా నెత్తురు ఉంది అని. వియన్నా పత్రికలో అది అచ్చయింది. పడమటి దేశాలకు ‘వాంపైర్’ అనే మాట పాకింది ఇలాంటి నివేదికల వల్లే. ఆ అధికారి కల్పించి రాశాడని నేను అనుకోను. శవం కుళ్లేటప్పుడు కడుపులో వాయువులు ఉబ్బి నల్లెర్రటి ద్రవాన్ని నోట్లోకి తోస్తాయి. చర్మం బిగుసుకుని వెనక్కి పోతే గోళ్లు పెరిగినట్టు కనిపిస్తాయి. వాళ్లు చూసింది నిజమే, అర్థం చేసుకున్నది తప్పు.

ఎముకల్లో మాత్రం నెత్తురు తాగిన జాడ ఏముంటుంది? ఉండేది బతికున్నవాళ్లు చేసిన పని ఒక్కటే. పోలండ్‌లోనే ద్రావ్‌స్కో శ్మశానంలో 285కు పైగా సమాధులు తవ్వితే, ఆరుగురి మీద కొడవళ్లో, గొంతు దగ్గర రాళ్లో కనబడ్డాయి. పరాయి ఊరివాళ్లేమో, అందుకే అనుమానించారేమో అని పరిశోధకులు ముందు అనుకున్నారు. మనిషి చిన్నప్పుడు ఏ ప్రాంతంలో పెరిగాడో పళ్లలోని స్ట్రాన్షియం అనే మూలకం చెబుతుంది. దాన్ని పరీక్షించి 2014లో ఫలితం ప్రకటించారు. ఆరుగురూ ఆ ప్రాంతంలో పుట్టిపెరిగినవాళ్లే. కలరాలాంటి జబ్బుకు మొదట బలైనవాళ్లు కావచ్చని పరిశోధకుల ఊహ. సొంతవాళ్లకే అలా చేశారన్నది చదివాక ‘రక్తపిశాచి’ నాకు మరీ అన్యాయంగా తోచింది.

అందుకే నేను అనుకుంటున్నది ‘కట్టడి సమాధి’. చేసింది కట్టడే కదా. మాటలో నిందంతా పాతినవాళ్ల భయం మీద ఉంటుంది, లోపల పడుకున్న మనిషి మీద పడదు.

మాస్టారు గారి వ్యాఖ్య:
బాగుందమ్మా. కానీ పిల్లలు కట్టడం అనుకుని గోరీ మీది రాళ్ల గురించి అనుకోరూ?

నా జవాబు:
నిజమే మాస్టారూ, ఆ ప్రమాదం ఉంది. శీర్షికలో ‘లేవకుండా పాతిన సమాధులు’ అని విడమరిచి పెడతాను, కట్టడి లోపల ఒకసారి వివరించాక వాడతాను. బిడ్డ గురించి ఇలా రాశాను: “ఈ బిడ్డ ఏ తప్పూ చేసిందని మనకు తెలియదు. ఊరివాళ్లు మాత్రం లేచి వస్తుందని భయపడ్డారు, కాలి దగ్గర తాళంకప్ప పెట్టారు.” ‘తాళం’ అని కుదించమని సంపాదకులు అన్నారు. మా వైపు పిల్లలకు తాళమంటే తాళంచెవి కూడా. ఆ కాలి దగ్గర ఉన్నది కప్పే అని తెలియాలి, అందుకని అలాగే ఉంచమన్నాను.