పాత స్కేళ్లకు కొత్త డీఆర్‌ఓ: 100 జరిపితే 20 చూపిస్తోంది

అనంత_మిల్లింగ్ (అనంతపురం)
అన్నా, వర్టికల్ మిల్లింగ్ మెషిన్. టేబుల్ ఎంత జరిగిందో అంకెల్లో చూపించే పాత డీఆర్‌ఓ డిస్‌ప్లే కాలిపోయింది, మెషిన్‌కు బిగించిన కొలత స్కేళ్లు మాత్రం బాగుండాయి. బెంగళూరు నుంచి వేరే కంపెనీ డిస్‌ప్లే తెప్పించి తగిలించినాం. మూడు యాక్సిస్‌లకు మూడు తిప్పలు.

ఎక్స్: హ్యాండిల్ చుట్లు లెక్కపెట్టి 100 మి.మీ. జరిపితే డిస్‌ప్లేలో 20.000.
వై: ఎంత జరిపినా 0.000, 0.001 మధ్యనే కొట్టుకుంటోంది. ఇది ఇంకో కంపెనీ స్కేల్, ప్లగ్ మాత్రం అదే 9 పిన్నులది.
జెడ్: గుండ్రటి ప్లగ్ ఉన్న పాత హైడెన్‌హైన్ కంపెనీ స్కేల్. స్టిక్కర్ మీద 11 మైక్రో ఆంప్ అని ఉంది.

ఎక్స్‌కు ఎర్రర్ కాంపెన్సేషన్ పెట్టి 100 తెప్పించొచ్చా? జెడ్‌కు ప్లగ్ మార్చి సోల్డర్ చేస్తే సరిపోతుందా?

కల్లూరు_ఫిట్టర్ (కర్నూలు)
కాంపెన్సేషన్ జోలికి ఇప్పుడే పోవద్దు. అది మీటరుకు కొన్ని పదుల మైక్రాన్ల తేడాను సరిచేయడానికి ఉంది, అయిదింతల తేడాను కప్పిపెట్టడానికి కాదు. ఎక్స్ స్కేల్ 5 మైక్రాన్లది, డిస్‌ప్లే 1 మైక్రాన్ సెట్టింగ్‌లో ఉంది. 100 మి.మీ.కు స్కేల్ 20,000 పల్స్‌లు ఇస్తుంది, డిస్‌ప్లే ఒక్కోదాన్ని 0.001గా లెక్కేసి 20.000 చూపిస్తోంది. సెటప్ మెనూలో ఆ యాక్సిస్ రిజల్యూషన్ 5 చేయండి, 100.000 వస్తుంది. 20కి బదులు 500 వచ్చి ఉంటే తప్పు తిరగబడినట్టు: స్కేల్ 1, సెట్టింగ్ 5. లేత్ క్రాస్ స్లైడ్ మీద సరిగ్గా రెండింతలు వస్తే అది తప్పే కాదు, జాబ్ వ్యాసాన్ని చూపించే డయామీటర్ మోడ్.

లెక్క ఎదురుదిక్కున పోతే మెనూలో డైరెక్షన్ మార్చండి. వైర్లు విప్పాల్సిన పని లేదు.

ఎలక్ట్రానిక్స్_కడప (కడప)
వై సంగతి. స్కేల్ నుంచి ఏ, బీ అని రెండు సిగ్నల్స్ వస్తాయి. ఒకటి పైకీ కిందికీ ఆడుతూ రెండోది కదలకపోతే డిస్‌ప్లే ఒకటి కూడుతుంది, వెంటనే ఒకటి తీసేస్తుంది. మీకు కనిపిస్తున్నది అదే. వైర్ తెగి ఉండాలి, లేదా పిన్ వరస వేరై ఉండాలి. ప్లగ్ పట్టింది కదా అని నమ్మొద్దు, లోపల వరస ఎవరిష్టం వాళ్లది. చాలా స్కేళ్లలో 2 జీరో వోల్ట్, 7 అయిదు వోల్ట్‌లు, 6 ఏ, 8 బీ, 9 జెడ్ (ఇది జెడ్ యాక్సిస్ కాదు, రిఫరెన్స్ గుర్తు సిగ్నల్). ఆర్ఎస్-422 రకమైతే (ఒక్కో సిగ్నల్‌కు ప్లస్, మైనస్ అని రెండు వైర్లు) 1, 3, 5లలో వాటి మైనస్‌లు. అన్నీ ఇలాగే ఉండవు. సప్లై 5 వోల్ట్‌లు పొరపాటున అవుట్‌పుట్ పిన్‌కు ఎక్కితే హెడ్‌లోని ఐసీ పోతుంది.

స్కేల్ పీకేసి డిస్‌ప్లే సాకెట్‌లో ఏ రెండు పిన్నుల మధ్య 5 వోల్ట్‌లు వస్తున్నాయో మీటర్‌తో చూడండి. తర్వాత పవర్ ఆపి, రీడింగ్ హెడ్ మూత తీసి, బోర్డు మీద సప్లై వైర్ ప్లగ్‌లో ఏ పిన్‌కు పోతుందో కంటిన్యుటీ పట్టండి. రెండూ కలిస్తేనే తగిలించండి, అదీ పవర్ ఆపే. ఇప్పుడు మీటర్ డీసీలో పెట్టి టేబుల్‌ను మెల్లిగా జరపండి. 5 మైక్రాన్ల స్కేల్ మీద హ్యాండిల్ 0.02 డివిజన్ ఒక్కటి తిరిగేలోపు ఏ లేస్తుంది, బీ లేస్తుంది, ఏ పడుతుంది, బీ పడుతుంది. నాలుగు మార్పులు, ఒక్కోటి 5 మైక్రాన్లు. ఏ లేచినప్పుడు ఇంకో పిన్ పడుతుంటే అది ఏ మైనస్, అంటే స్కేల్ ఆర్ఎస్-422 రకం.

డిస్‌ప్లే మామూలు టీటీఎల్ (ఒక్కో సిగ్నల్‌కు ఒకే వైర్) అయితే ప్లస్‌లు మాత్రమే కలిపి, మైనస్ వైర్లకు విడివిడిగా స్లీవ్ వేసి వదిలేయండి. చాలామంది వాటిని జీరోకు కలిపేస్తారు, అది డ్రైవర్‌ను షార్ట్ చేయడమే. కేబుల్ పొడవైనా, పక్కన వీఎఫ్‌డీ (మోటార్ స్పీడ్ మార్చే డ్రైవ్) ఉన్నా మధ్యలో ఏఎం26ఎల్ఎస్32 రిసీవర్ పెట్టడం మేలు. స్కేల్ టీటీఎల్, డిస్‌ప్లే 422 అయితే ఏఎం26ఎల్ఎస్31 డ్రైవర్. ఇలాంటి ఐసీలు బెంగళూరు ఎస్పీ రోడ్డులో అడిగి చూడండి.

అనంత_మిల్లింగ్
ఎక్స్ 100.000 వచ్చింది. వై ప్లగ్‌లో బీ వైర్ సోల్డర్ దగ్గర తెగి ఉంది, అతికిస్తే లెక్క పడుతోంది. మరి జెడ్?

ఎలక్ట్రానిక్స్_కడప
ప్లగ్ మారిస్తే రాదు. అది చదరపు పల్స్ కాదు, 11 మైక్రో ఆంప్‌ల సైన్ వేవ్ కరెంట్. టీటీఎల్ డిస్‌ప్లేకు అది కనపడనే కనపడదు. ఆ సైన్ వేవ్‌ను చిన్న భాగాలుగా చేసి చదరపు పల్స్‌లుగా మార్చే ఇంటర్‌పోలేటర్ బాక్స్ మధ్యలో కావాలి, ఆ కంపెనీదే ఈఎక్స్ఈ అని వస్తుంది. గీతల పిచ్ 20 మైక్రాన్లై, బాక్స్ అయిదుతో భాగించేదైతే 4 వస్తుంది, డిస్‌ప్లే దాన్ని నాలుగు అంచులుగా లెక్కేస్తుంది కాబట్టి సెట్టింగ్ 1 మైక్రాన్. 1 వోల్ట్ పీక్-టు-పీక్ స్కేళ్లకూ వేరే ఇంటర్‌పోలేటరే కావాలి. పల్స్‌లు కాకుండా స్థానాన్నే నేరుగా అంకెగా పంపే ఎన్‌డాట్, ఎస్‌ఎస్‌ఐ లాంటి అబ్సొల్యూట్ స్కేళ్లు ఈ డిస్‌ప్లేకు పనికిరావు. పొట్టి జెడ్‌కు బాక్స్ వెతకడం కంటే టీటీఎల్ స్కేల్ కొత్తది కొనడమే నయం.

కల్లూరు_ఫిట్టర్
కొత్తది బిగించేటప్పుడు డయల్ గేజ్‌ను స్కేల్ బాడీ మీద పెట్టి రెండు ముఖాల మీదా పొడవంతా 0.1 మి.మీ. లోపల తెండి. ఇంత పట్టింపు కొలత కోసం కాదు, వంకర వల్ల కొలతలో పెద్ద తేడా రాదు. 500 మి.మీ.లో 1 మి.మీ. వాలితే కొలతలో తేడా ఒక్క మైక్రానే. అయితే హెడ్ గైడ్‌ను రాస్తూ పోతుంది, కొన్నాళ్లకు చక్రాలు అరిగి పల్స్‌లు ఎగిరిపోతాయి. హెడ్ గ్యాప్‌కు పెట్టెతో వచ్చే రంగు బ్రాకెట్లు బిగించాకే తీయాలి. రబ్బరు లిప్స్ కిందికి ఉండాలి. తాడిపత్రి వైపు పాలిష్ ఫ్యాక్టరీల పక్కన ఉన్న షెడ్లలో రాతి పొడి ఉంటుంది, ఎయిర్ గన్‌తో లిప్స్ మీద కొడితే ఆ పొడి నేరుగా గాజు మీదికి పోతుంది. గుడ్డతో తుడవండి, గాజుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మాత్రమే.

రీడింగ్ ఉన్నట్టుండి గెంతితే స్కేల్ బాడీ నుంచి మెషిన్ బెడ్‌కు ఓమ్స్ చూడండి, ఒక ఓమ్ దాటకూడదు.

కాంపెన్సేషన్ చివర్లో. 100 మి.మీ. స్లిప్ గేజ్‌ను (కచ్చితమైన పొడవున్న స్టీల్ దిమ్మె) గంట ముందే టేబుల్ మీద పెట్టేయండి, షెడ్ వేడికి రానీ. డయల్‌ను ఆన్చి జీరో, స్లిప్ పెట్టి టేబుల్ జరిపి డయల్ మళ్లీ జీరో, అప్పుడు డిస్‌ప్లే 100కు ఎంత తేడా చూపిస్తుందో చూడండి, ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి రండి. మూడుసార్లు చూసి సగటు పెట్టండి. మే నెలలో షెడ్ 40 డిగ్రీలుంటే 20 డిగ్రీల దగ్గరి కొలతతో పోలిస్తే 100 మి.మీ. స్టీల్ 0.023 పెరుగుతుంది, గాజు 0.016 మాత్రమే. స్లిప్, జాబ్ రెండూ స్టీలే కాబట్టి ఆ వేడిలో పెట్టిన కాంపెన్సేషన్ ఆ వేడికి సరిపోతుంది, డిసెంబర్‌లో మళ్లీ చూసుకోండి.