ట్రాక్ మీద బ్రేక్ పెడల్ మెత్తబడుతోంది, ఫ్లూయిడ్ మారిస్తే చాలా?

నేను ట్రాక్ డేల్లో (సొంత కార్లని రేస్ ట్రాక్ మీద తిప్పుకునే రోజులు) వాలంటీర్‌ని. పొద్దంతా మలుపు దగ్గర జెండాలు పట్టుకుని నిలబడితే, సాయంత్రం ఒక సెషన్ మన కారు తిప్పుకోనిస్తారు. జీతం అదే అనుకోండి!

సమస్య ఆ సెషన్‌లోనే. మొదటి ల్యాప్‌లు బాగానే ఉంటాయి. తర్వాత పొడవాటి స్ట్రెయిట్ చివర బ్రేక్ తొక్కితే పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతోంది, మళ్లీ తొక్కితే గానీ పట్టడం లేదు. చల్లారాక మామూలే. ప్యాడ్లు మరీ వేడెక్కితే పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగదంటారు కదా, ఇది అలా లేదు. అందుకే ఫ్లూయిడ్ మరుగుతోందని నా అనుమానం. ఇప్పుడున్నది డాట్ 4 గ్రేడ్ బ్రేక్ ఫ్లూయిడ్. కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చుకుంటే ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు.

డాట్ 5.1 పోస్తే సరిపోతుందా, రేసింగ్ డాట్ 4 నయమా? (డాట్ 5 మాత్రం చెప్పకండి, అది సిలికాన్‌ది, దీంతో కలవదు.) ప్యాడ్లు కూడా మార్చాలా? ఇదే కారులో రోజూ ఆఫీసుకి వెళ్లాలి. ట్రాక్ ప్యాడ్లు చల్లగా ఉంటే సరిగా పట్టవనీ, కీచుమంటాయనీ విని కాస్త టెన్షన్‌గా ఉంది. ఒకే కారుతో రెండూ నెట్టుకొస్తున్నవాళ్లు ఏం వాడుతున్నారో, ఎన్నాళ్లకోసారి బ్లీడ్ (పాత ఫ్లూయిడ్, గాలి బుడగలు బయటికి తీయడం) చేయిస్తున్నారో చెప్పగలరా?