బొమ్మలు వేసేవాడు పాత ఇళ్ల సంరక్షణలోకి రావచ్చా? దారి చెప్పండి

లంక డ్రాయింగ్ మాస్టారు:
అందరికీ నమస్కారం. మాది అమలాపురం పక్కన పల్లె. విశాఖలో బీఎఫ్ఏ (చిత్రకళ డిగ్రీ) చేసి, కొన్నాళ్లు నర్సాపురం వైపు లేసు ఎగుమతి చేసేవాళ్ల దగ్గర డిజైన్లు గీసి, ఇప్పుడు ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ చెబుతున్నా. మా వైపు మండువా లోగిళ్లు, అంటే మధ్యలో పైకప్పు లేని పల్లం చుట్టూ కట్టిన పాత పెంకుటిళ్లు, వరసపెట్టి పడగొట్టేస్తున్నారండి. పంపకాలు తేలగానే ముందు ద్వారబంధాలూ టేకు స్తంభాలూ పాత కలప కొనేవాళ్లకి వెళ్లిపోతాయి, ఆ తర్వాత జేసీబీ వస్తుంది. పిల్లల్ని తీసుకెళ్లి అలాంటి ఇళ్ల బొమ్మలు వేయించిన దగ్గర్నుంచీ నాకు ఈ పని మీదే మనసు లాగుతోంది. ముప్పై దాటేశా, ఇంట్లో టెన్షన్. ఆర్కిటెక్చర్ చదివి తీరాలా? జీతం సంగతి కూడా దాచకుండా చెప్పండి.

బెజవాడ ప్లాను:
మాస్టారూ, ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోవాలంటే 1972 చట్టం ప్రకారం ఆర్కిటెక్చర్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అవ్వాలి, దానికి ఐదేళ్ల బీఆర్క్ కావాలి. విజయవాడ, ఢిల్లీ ఎస్పీఏల్లో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) కన్జర్వేషన్, అంటే పాత కట్టడాల సంరక్షణలో ఎంఆర్క్ ఉంది కానీ ఆ గుమ్మం బీఆర్క్ వాళ్లకే. మీరు చూడాల్సింది రెండో వైపు: చిత్రాలు, కొయ్య, రాయి లాంటి వస్తువుల సంరక్షణ. ఢిల్లీ నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్‌గా మొదలైన సంస్థలో దీనికి ఎంఏ ఉంది, అర్హతలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి. 1984లో పుట్టిన ఇంటాక్ అనే వారసత్వ సంరక్షణ సంస్థ వాళ్లు పాత కట్టడాల జాబితాలు, డాక్యుమెంటేషన్ చేయిస్తుంటారు, అక్కడ గీసే చేతికి పని ఉంటుంది. జీతమంటే, ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. స్కూలు వదలకండి.

పాలకొల్లు అమ్మాయి:
నేను చీరల డిజైన్లు చేసి, పాఠాలు చెప్పి, అక్కణ్ణుంచి ఈ కొలతల పనిలోకొచ్చాను, కాబట్టి మీకు చేతిపని గురించే చెబుతా. అందంగా గీయడం వేరు, కొలిచి గీయడం వేరు. నాలుగు గోడలూ టేపు పెట్టి కొలిస్తే గది వచ్చేసిందనుకుంటాం. పాత ఇంట్లో ఏ మూలా సరిగ్గా తొంభై డిగ్రీలు ఉండదు, ఎదురెదురు మూలల మధ్య అడ్డకొలత తీస్తే తప్ప ఆ వంకర కాగితం మీదకి రాదు. గోడ ఒరిగిందో లేదో తూకం గుండు వేలాడదీసి చూడాలి. మండువా అయితే పై నుంచి చూసిన ప్లాను ఒక్కటే సరిపోదండి, నిలువుకోత, అంటే ఇంటిని పైనుంచి కిందికి కోసినట్టు చూపే బొమ్మ, గీయాల్సిందే: నాలుగు వాలుల నీళ్లు ఎక్కడ కలుస్తున్నాయి, మధ్య పల్లంలోంచి తూము ఎటు పోతోంది, దూలం మీద వాసం ఎలా కూర్చుంది. లేసు గళ్లు లెక్కపెట్టి గీసిన చెయ్యి కదా మీది, ఈ ఓపిక మీకు కొత్త కాదు. పడగొట్టే ఇల్లు ఏదైనా తెలిస్తే ఓనర్‌ని అడిగి ముందు అదే కొలిచేయండి. కోర్సుకి వెళ్లినా ఉద్యోగానికి వెళ్లినా చూపించడానికి మీ చేతిలో కాగితాలు ఉంటాయి.

కోటిపల్లి రేవు:
అవన్నీ బాగానే ఉన్నాయి గానీ ఆ ఇళ్లల్లో ఎవరుంటారండీ? ఏటేటా పెంకు తిరగనేయించాలి, కోతులొచ్చి మళ్లీ పగలగొడతాయి, నేసేవాడు దొరకడు. 1996 తుపానులో మా పైకప్పు సగం లేచిపోయింది. మా పెదనాన్నగారు డాబా వేసుకుంటే తప్పా? బొమ్మలు వేసుకోవడానికి బానే ఉంటుంది బయటివాళ్లకి.

సున్నం మేస్త్రి మనవడు:
రేవుగారు చెప్పింది నిజమే, కోతుల సంగతి నేనూ కాదనలేను. కానీ సగం ఇళ్లు పాతబడి కాదు, తప్పు మరమ్మతుతో పోతున్నాయి. మన డెల్టాలో భూమిలో నీళ్లు పైపైనే ఉంటాయి, ఆ చెమ్మ ఇటుక గుండా గోడెక్కుతుంది. సున్నం పూత ఉంటే తడి బయటికి ఆరిపోతుంది. పెచ్చులూడుతున్నాయని దాని మీద సిమెంటు కొట్టిస్తారు, ఇక తడికి దారి లేక ఇంకా పైకి పాకుతుంది, ఉప్పు ఇటుకలోనే పేరుకుని మొహం పొరలు పొరలుగా రాలిపోతుంది. గోరుతో గీకి చూడండి, ఎర్రపొడి చేతికొస్తుంది. మా తాతగారు గుల్ల సున్నం (నత్తగుల్లలు కాల్చి చేసేది) నానబెట్టి, ఇసుకతో గానుగాడించి, తడి తగిలే చోట ఇటుక పొడి కలిపేవారు. కరక్కాయ, బెల్లం నీళ్లు కూడా. మాస్టారూ, డిగ్రీ సంగతి తర్వాత, ముందు ఒక ముసలి మేస్త్రి దగ్గర కూర్చోండి. వాళ్లు ఉన్నప్పుడే.

రాజమండ్రి గట్టు:
ఒక్క ముక్క. మన రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో, ఇంకా ముప్పై నిండకుండానే పోయారు, ఆయన బొమ్మలు ఇప్పటికీ ఇక్కడి గ్యాలరీలో చూడొచ్చు. కాగితం మీద, గుడ్డ మీద వేసిన రంగుకి మన గోదావరి గాలిలోని తేమ ఏం చేస్తుందో అక్కడ నిలబడి చూస్తే, పైన ఎవరో చెప్పిన వస్తువుల సంరక్షణ మీకు పనికొస్తుందో లేదో మీకే తేలుతుంది. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం కూడా చూసిరండి, 1852కి పూర్తయిన ఆనకట్ట లెక్కలు నిర్మాణం మీద ఆసక్తి ఉన్నవాళ్లకి బాగుంటాయి.

లంక డ్రాయింగ్ మాస్టారు:
అందరికీ థ్యాంక్సండి. రేవుగారూ, పెదనాన్నగారిని తప్పుపట్టేంత వాణ్ణి కాను. మా ఊళ్లో ఒక ఇల్లు దసరా తర్వాత పడగొడతారట, ఓనర్ కొలుచుకోమన్నారు. పాలకొల్లు అమ్మాయిగారూ, లేజర్ టేపు కొనాలా, మామూలుది చాలా?

పాలకొల్లు అమ్మాయి:
మామూలుదే, ముప్పై మీటర్లది. రెండో కొస పట్టుకోవడానికి ఒక పిల్లాణ్ణి తీసుకెళ్లండి, పెచ్చులూడే గదుల్లోకి మాత్రం పంపకండి.