ఇంగ్లీషులో అడిగిన ప్రజ్ఞా పరీక్షలో వచ్చిన అంకెను ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న – పెద్దమ్మ, గుంటూరు:
మా చెల్లెలి కొడుకుకు తొమ్మిదేళ్లు. మొన్నటి వరకు పల్లెలో నాయనమ్మ దగ్గర ఉండి తెలుగులోనే చదువుకుని, ఈ జూన్‌లో ఇక్కడ ఒక ఇంగ్లీషు మీడియం బడిలో చేరాడు. బడివారు ఒకావిడను పిలిపించి నలభై నిమిషాల్లో ప్రజ్ఞా పరీక్ష (ఐక్యూ టెస్టు) ముగించి, 76 అని రాసిన కాగితం ఇచ్చి, వాడిని వేరే విభాగంలో కూర్చోబెడతామంటున్నారు. పరీక్ష జరుగుతుండగా నేనూ ఆ గదిలోనే ఉన్నాను. గొడుగు బొమ్మ చూపి ఇదేమిటని ఇంగ్లీషులో అడిగితే వాడు తడుముకోకుండా “గొడుగు” అన్నాడు. ఆవిడ సున్నా వేసింది. మా మరిది మిర్చి యార్డులో హమాలీ. వేసవిలో తండ్రి వెంట వెళ్లినప్పుడు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తే ఎంత కూలి రావాలో వీడు నోటితోనే చెప్పేవాడు. ఆ పరీక్షే పక్షపాతమైనదని అనవచ్చా?

జవాబు – మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు, విజయవాడ:
అమ్మా, గొడుగు విషయంలో తప్పు పరీక్షది కాదు, పెట్టిన తీరుది. అది వాడి ఇంగ్లీషును కొలిచిందే తప్ప తెలివిని కొలవలేదు. పరీక్షలోనే పక్షపాతం ఉందా అన్నది వేరే ప్రశ్న. రెండు వర్గాల సగటు మార్కుల్లో తేడా ఉన్నంత మాత్రాన అది రుజువు కాదు. మొత్తం మార్కులు సమానంగా వచ్చిన పిల్లలను తీసుకుని, వారిలో ఒక వర్గంవారే ఒకానొక ప్రశ్న దగ్గర ఎక్కువగా తప్పుతున్నారా అని గణాంకాలతో చూడాలి. ఇది కంటితో చూసి తేల్చే పని కాదు. అమెరికాలో 1979లో కాలిఫోర్నియా న్యాయమూర్తి పెక్‌హామ్, నల్లజాతి పిల్లలను ప్రత్యేక తరగతుల్లో వేయడానికి ఇలాంటి పరీక్షలు వాడకూడదని తీర్పిచ్చారు. మరుసటి ఏడాదే షికాగోలో న్యాయమూర్తి గ్రేడీ ప్రశ్నలన్నీ ఒక్కొక్కటిగా తానే చదివి, అనుమానించదగినవి కొద్దే ఉన్నాయంటూ అందుకు విరుద్ధంగా తీర్పు చెప్పారు.

జవాబు – ఒక పాఠకుడు, మంగళగిరి:
ఈ పరీక్షలన్నీ పట్నం పిల్లలను దృష్టిలో పెట్టుకుని చేసినవే. మొత్తంగా ఎత్తివేయడమే న్యాయం.

జవాబు – అధ్యాపకుడు, విజయవాడ:
ఎత్తివేస్తే ఆ స్థానంలోకి వచ్చేది మాస్టారి అభిప్రాయం. చొక్కా నలిగిన పిల్లవాడిపై ఆ అభిప్రాయం ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. 1905లో పారిస్‌లో బినే, సైమన్ తొలి పరీక్షను తయారు చేసింది అదనపు సాయం కావలసిన పిల్లలను గుర్తించడానికి. వేరుగా కూర్చోబెట్టే ముద్రగా అది మారింది తర్వాతివారి చేతుల్లోనే.

జవాబు – ప్రత్యేక విద్యా ఉపాధ్యాయిని, గుంటూరు:
అక్కా, వాదన కన్నా ముందు కాగితం సంగతి చూడండి. ఏ పరీక్ష, ఏ భాషలో పెట్టారు, దాని ప్రమాణాలు, అంటే మార్కులను పోల్చి చూసే లెక్కలు, ఏ పిల్లల మీద, ఏ సంవత్సరంలో కట్టారు అన్నది రాతపూర్వకంగా అడగండి. వెక్స్లర్ అనే అమెరికా మనస్తత్వవేత్త పిల్లల పరీక్షను మన పిల్లలకు తగ్గట్టు మాలిన్ మార్చిన రూపం మన దేశంలో ఇప్పటికీ కనిపిస్తుంది, అది 1969 నాటిది. పాత ప్రమాణాలతో చూస్తే అంకె కొంత ఎక్కువగానే వస్తుంది, భాష రాకపోతే తగ్గుతుంది, అయితే ఈ రెండు పొరపాట్లూ ఒకదాన్నొకటి సరిచేస్తాయని అనుకోవద్దు. మాటలతో పనిలేని రావెన్ బొమ్మల పరీక్ష కూడా పెట్టమనండి, కానీ బొమ్మల నమూనాలు చూసే అలవాటు లేని పిల్లలకు అదీ కొంత కొత్తే. సగటు 100గా పెట్టుకున్న కొలమానంలో సుమారు 70 కంటే తక్కువ రావడంతో పాటు, తన పనులు తాను చేసుకోవడంలోనూ వెనుకబాటు కనిపిస్తేనే ప్రజ్ఞా లోపమంటారు. 76ను ఒక్క అంకెగా కాక, అటూ ఇటూ కొన్ని పాయింట్ల పరిధిగా చదవాలి. పరీక్ష పెట్టిన ఆవిడ ఉపపరీక్షల (పరీక్షలోని ఒక్కో భాగం) మార్కులు ఇచ్చారా?

పెద్దమ్మ, గుంటూరు:
ఇవ్వలేదమ్మా. ఈ ఉదయం వెళ్లి అడిగితే అవి ఆవిడ దగ్గరే ఉన్నాయని, సోమవారం రమ్మని చెప్పారు. తెలుగులో మళ్లీ పెట్టేవరకు విభాగం మార్చవద్దని అర్జీ రాసి, అందినట్టు సంతకం తీసుకుని వచ్చాను.