ఇంట్లో కాన్పుకు ఇల్లు, ఇంటివాళ్లు సిద్ధం కావాలంటే: కొలతలతో సహా చెప్పండి (చర్చ)

వేపచెట్టునీడ:
37వ వారం నిండేలోపు ఇల్లు సిద్ధం చేసుకోవాలనుకునేవాళ్లకు అన్నీ ఒకేచోట దొరకాలని ఈ చర్చ మొదలుపెడుతున్నా. పక్క ఎలా వేయాలి, నీళ్లలో కనాలనుకుంటే టబ్‌కి ఏం చూసుకోవాలి, ఎవరు ఏ పని చేయాలి, ఎక్కడ తేడా కొడుతుంది? "మనసు ప్రశాంతంగా ఉంచుకోండి" తరహా సలహాలు బోలెడున్నాయి, అవి వద్దు.

తెల్లగౌను:
పక్క సంగతి తర్వాత. ఇక్కడ మాట్లాడేది శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ (కాన్పులు చేసే నిపుణురాలు) దగ్గరుండి చేసే కాన్పు గురించే. ఒక్క బిడ్డే ఉండాలి, తల కిందికి ఉండాలి, 37–42 వారాల మధ్య నొప్పులు వాటంతటవే రావాలి, బీపీ 140/90కి లోపు ఉండాలి, మాయ గర్భసంచి ముఖద్వారానికి అడ్డంగా ఉండకూడదు, పాత సిజేరియన్ ఉండకూడదు. ఒక్కటి తప్పినా ఆస్పత్రే.

తొలి కాన్పువాళ్లు ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. ఇంగ్లాండ్‌లో 2011లో వచ్చిన బర్త్‌ప్లేస్ అధ్యయనంలో, ఇంట్లో కందామనుకున్న తొలి కాన్పువాళ్లలో 45 శాతం మందిని మధ్యలోనో కాన్పయ్యాకో ఆస్పత్రికి మార్చారు. మలి కాన్పులో అది 12 శాతం. ఎక్కువమందిని మార్చింది నొప్పులు ముందుకు సాగకే. బిడ్డకు తీవ్రమైన ఇబ్బంది కూడా తొలి కాన్పులో ఇంటి దగ్గర వెయ్యికి 9.3, ఆస్పత్రిలో 5.3. కాబట్టి ఆస్పత్రి సంచీ అటక మీద కాదు, గుమ్మం పక్కన ఉండాలి.

రెండోఅంతస్తు:
గుమ్మం అన్నారు కాబట్టి మెట్ల సంగతి. స్ట్రెచర్ లిఫ్టులో అడ్డంగా పడుతుందా, మెట్ల మలుపులో తిరుగుతుందా అని టేపుతో కొలుచుకోండి. పట్టకపోతే కూర్చోబెట్టి దించే కుర్చీ ఉందో లేదో అంబులెన్స్‌వాళ్లను ముందే అడగండి. చెప్పుల స్టాండు, సైకిలు దారిలోంచి తీసేయండి. రాత్రిపూట గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందో తేల్చుకోండి.

ఫోను పక్కన ఒక కాగితం అతికించండి: దారి తెలియనివాడికి చెప్పినట్టు చిరునామా, ఎన్నో వారం, ఎన్నో కాన్పు, బ్లడ్ గ్రూపు. కంగారులో సొంత ఇంటి నంబరు కూడా గుర్తురాదు. ఆస్పత్రికి ఎంతసేపో రద్దీ వేళ వెళ్లి చూడండి. రాత్రి పదకొండింటికి కొలిచిన టైముని నమ్ముకోకూడదు.

పాతదుప్పటి:
పక్క ఇలా. అడుగున ఉతికిన మంచి దుప్పటి, దాని మీద పరుపు అంచుల కిందికి మడిచిన ప్లాస్టిక్ షీటు, పైన పాత దుప్పటి, ఆపైన పీల్చుకునే ప్యాడ్లు. కాన్పయ్యాక ప్లాస్టిక్‌తో సహా పై మూడు పొరలూ ఒకేసారి చుట్టి తీసేస్తే బాలింతకు పొడి పక్క అప్పటికే కింద ఉంటుంది. ప్యాడ్లు రెండు డజన్లు, బిడ్డకు మెత్తటి తువ్వాళ్లు ఎనిమిదికి తగ్గకుండా, చెత్త సంచులు, మాయకు ఒక గిన్నె, తలకు తగిలించుకునే టార్చి. నెత్తురు మరకలకు చన్నీళ్లే. వేణ్నీళ్లు పోస్తే మరక పట్టేసుకుంటుంది.

చెరువుగట్టు:
టబ్ గురించి. 600 లీటర్లంటే నీళ్ల బరువే 600 కిలోలు, మనుషులు అదనం. మేడ మీద గదైతే ఇంజనీరును అడక్కుండా పెట్టొద్దు.

అసలు చిక్కు వేణ్నీళ్లది. కుళాయి నీళ్లు 25 డిగ్రీలు, గీజర్ నీళ్లు 60 అనుకుందాం. 37 డిగ్రీలకు కలపాలంటే దాదాపు 205 లీటర్ల వేణ్నీళ్లు కావాలి. 25 లీటర్ల గీజర్ ఎనిమిదిసార్లకు పైగా కాగాలి, 2 కిలోవాట్లదైతే నాలుగు గంటల పైమాటే. మలి కాన్పులో ఆలోపే బిడ్డ చేతికొస్తుంది! ఒకసారి ఉత్తుత్తిగా నింపి చూసి, తీసేసి, ఆరబెట్టండి. ముందే నింపి హీటరుతో వెచ్చగా ఉంచుదామని మాత్రం అనుకోవద్దు. అలాంటి టబ్ నీళ్లలో లెజియోనెల్లా అనే, న్యుమోనియా తెచ్చే బాక్టీరియా పెరిగి 2014లో ఇంగ్లాండ్‌లో ఒక పసిబిడ్డకు సోకింది. గొట్టం కొత్తది వాడండి. మనిషి ఉన్న నీళ్లలో కరెంటు కడ్డీ పెట్టకూడదని వేరే చెప్పాలా?

తెల్లగౌను:
నీళ్లు 37.5 దాటకూడదు. తల్లి ఒళ్లు వేడెక్కితే బిడ్డ గుండె వేగం పెరుగుతుంది. తల బయటికొచ్చాక తల్లి లేచి, బిడ్డకు గాలి తగిలితే మళ్లీ నీళ్లలో కూర్చోకూడదు. బిడ్డను పైకి తీసేటప్పుడు నెమ్మది, బొడ్డుతాడు పొట్టిదైతే తెగుతుంది.

గోరువెచ్చన:
అందరూ టబ్ మీద పడతారు, గది వేడి ఎవరికీ పట్టదు. 25 డిగ్రీలకు తగ్గకూడదు. ఫ్యాన్, ఏసీ ఆపాలి. గోడకో థర్మామీటర్ పెట్టండి. తల్లికి ఉక్కపోసి కిటికీ తీయమంటుంది, బిడ్డ వచ్చే ముందు మూసేయాలి. బిడ్డను తుడిచిన తడి తువ్వాలు అక్కడికక్కడే పక్కన పడేసి, పొడిది కప్పి, తల్లి ఒంటికి ఆనించి, టోపీ పెట్టాలి. తడి తువ్వాలుతోనే చుట్టి ఉంచడం వల్లే బిడ్డ చల్లబడేది ఎక్కువ. స్నానం 24 గంటలయ్యాకే.

బిడ్డ ఊపిరి అందుకోకపోతే మొదటి నిమిషంలోనే మాస్కు, బ్యాగుతో గాలి ఇవ్వాలి. అందుకు తల్లికి దగ్గర్లో నడుమెత్తు గట్టి బల్ల ఖాళీగా ఉంచండి. మెత్తటి పరుపు మీద తల నిలవదు. శిక్షణ ఉన్నవాళ్లు ఇద్దరుండాలి, ఒకరు తల్లికి, ఒకరు బిడ్డకు.

వేపచెట్టునీడ:
సువాసన కొవ్వొత్తులు పెట్టుకోవచ్చా?

తెల్లగౌను:
ఆక్సిజన్ సిలిండరున్న గదిలో నిప్పు వద్దు. దీపాలు బ్యాటరీవి చాలు.

ఇప్పుడు నెత్తురు. కంటితో చూస్తే అందరూ తక్కువే అంచనా వేస్తారు. వంటింటి కాటా తెచ్చిపెట్టండి. పొడి ప్యాడ్ బరువు ప్యాకెట్ మీద రాసుకోండి, తడిసిన ప్యాడ్ తూచి, అందులోంచి ఆ పొడి బరువు తీసేయండి. ఒక గ్రాము అంటే సుమారు ఒక మిల్లీలీటర్. 500 దాటితే అధిక రక్తస్రావమే, అంబులెన్స్ పిలవాలి. ఆ అంకె వచ్చేదాకా ఆగనక్కర్లేదు, ధార ఆగకపోతే ముందే పిలవండి. టబ్‌లో కొలవడం కష్టం, మాయ పడే వేళకు బయటికి రావడమే మేలు. మూత్రసంచి నిండి ఉంటే గర్భసంచి గట్టిపడదు, అందుకని ఒంటేలుకు పంపిస్తుంటాం. ఆక్సిటోసిన్ (గర్భసంచిని గట్టిపరిచి నెత్తురు ఆపే మందు) మిడ్‌వైఫే తెస్తారు, ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల మధ్య చోటు ఇవ్వండి. తలుపు అరలో వద్దు, గడ్డకట్టే చోటా వద్దు.

పెద్దకోడలు:
ఇంటి పెద్దవాళ్లకు ముందే కూర్చోబెట్టి చెప్పాల్సినవి మూడు. ముఖద్వారం పూర్తిగా తెరుచుకోకముందే "ముక్కమ్మా, ముక్కు" అని తొందరపెట్టకూడదు. కడుపు మీద ఒత్తకూడదు. మాయ కోసం బొడ్డుతాడు లాగకూడదు. లాగితే గర్భసంచి తిరగబడవచ్చు. ప్రేమకొద్దీ చేసే పనులే ఇవి, అందుకే ఆ వేళ కాదనడం కష్టం.

పెద్ద పిల్లలకు ఒక మనిషిని అంటిపెట్టాలి, ఆ మనిషికి ఇంకే పనీ చెప్పకూడదు. అమ్మ మూలుగుతుంది, అరుస్తుంది, అది పని చేసేటప్పటి కేక అని పిల్లలకు ముందే వినిపించి చూపండి.

రెండోఅంతస్తు:
ఉమ్మనీరు పోయాక తాడు బయటికి కనిపిస్తే?

తెల్లగౌను:
వెంటనే అంబులెన్స్. అదొచ్చేదాకా మోకాళ్లూ రొమ్మూ నేలకు ఆనించి, పిరుదులు పైకెత్తి ఉండాలి. తాడును లోపలికి తొయ్యకూడదు. ఉమ్మనీరు ఆకుపచ్చగా చిక్కగా వచ్చినా, జ్వరం 38 దాటినా, బిడ్డ గుండె 110 కంటే తక్కువగానో 160 కంటే ఎక్కువగానో ఉండిపోయినా బయల్దేరాల్సిందే.

తల్లి ఆర్‌హెచ్ నెగటివ్ అయితే బొడ్డుతాడు రక్తం నమూనా ఎలా పంపాలో ముందే మాట్లాడుకోండి. బిడ్డది పాజిటివ్ అయితే తల్లికి యాంటీ-డీ ఇంజెక్షన్ (తర్వాతి కాన్పుల్లో బిడ్డకు ఇబ్బంది రాకుండా) 72 గంటల్లోపు పడాలి. బిడ్డకు నెత్తురు కారకుండా ఇచ్చే విటమిన్ కె 1 మిల్లీగ్రాము సంగతీ అప్పుడే తేల్చుకోండి. మొదటి 24 గంటల్లో పచ్చకామెర్లు కనిపిస్తే ఆరోజే డాక్టరు చూడాలి.

వేపచెట్టునీడ:
చివరిగా, మాయను గిన్నెలోకి తీసుకున్నాక వెంటనే తీసేయొచ్చా?

తెల్లగౌను:
వద్దు. దీపం కింద పరిచి, ముక్కలన్నీ ఉన్నాయా, పొర చిరిగి లోపలేమైనా మిగిలిందా అని మిడ్‌వైఫ్ చూడాలి. చిన్న ముక్క ఉండిపోయినా తర్వాత నెత్తురు పోతుంది, చీము పడుతుంది. ఆస్పత్రికి మారాల్సొస్తే మూతున్న డబ్బాలో మాయనూ వెంట తీసుకెళ్లండి, అక్కడా చూస్తారు.